ఎర్రమట్టిలో బొమ్మల బడి

శాంతినికేతనం పేరు వినని తెలుగువాడు అరుదు. రాయప్రోలు సుబ్బారావుగారు అక్కడ కొంతకాలం ఉండి వచ్చారని తెలుగు మేష్టర్లమంతా తరగతిలో ఒకసారైనా చెప్పి తీరుతాం. బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడ చదువుకొని, రవీంద్రుని తెలుగులోకి తెచ్చారని కూడా చెబుతాం. కాని ఆ చోటనే వందేళ్ళు దాటిన బొమ్మల బడి ఒకటున్నదనీ, అక్కడ బొమ్మ వేయడమూ బొమ్మల చరిత్రా కలిపి నేర్పుతారనీ మనవారిలో చాలామందికి తెలియదు. ఆ బడి పేరు కళాభవన్. 1919 లో మొదలైంది. కిందటి శీతకాలంలో నేనొక వారం రోజులు అక్కడ ఉండి వచ్చాను.

విజయవాడలో హౌరా బండి ఎక్కితే మర్నాటికి హౌరా. అక్కడ రాత్రి గడిపి, పొద్దుటిపూట శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే రెండున్నర గంటల ప్రయాణం. బర్ద్వాన్ దాకా మన కృష్ణా డెల్టాలాగే ఉంటుంది. వరిచేలు, చెరువులు, అరటిచెట్లు. ఆపైన నేల రంగు మారుతుంది. ఒక బావుల్ గాయకుడు ఏకతార మీటుకుంటూ మన పెట్టెలోకి వచ్చి పాడి, ఇచ్చింది పుచ్చుకొని దిగిపోతాడు. అంతలో బోల్పూరు. స్టేషను నుంచి శాంతినికేతనానికి మూడు కిలోమీటర్లు ఉంటుంది; బ్యాటరీతో నడిచే రిక్షాలు తీసుకుపోతాయి. వీటిని అక్కడ టోటో అంటారు.

నేల ఎర్రన. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూచినవారికి ఆ రంగు వెంటనే పోల్చుకోవడానికి వీలవుతుంది. వాననీరు కోసి కోసి లోయలు చేసిన మైదానాన్ని ఖోవాయ్ అంటారు. 1863 లో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు ఈ బీడులో స్థలం తీసుకొన్నాడు. రెండు ఏడాకుల పొన్న చెట్ల నీడ ఆయనకు నచ్చిందట. ఇప్పటికీ ఆ చెట్టు ఆకు విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టాతోపాటు దక్కే గౌరవం.

నేను ఎందుకు వెళ్ళానంటే

మా అక్క కూతురు అక్కడ చదువుతున్నది. నాలుగేళ్ళ చదువులో ఇది రెండో ఏడు. ఇంజనీరింగు సీటు వచ్చినా వద్దని, ఏడ్చి, అలిగి, అన్నం మాని మరీ వెళ్ళింది. మా బావగారు తెనాలిలో ట్రెజరీ ఉద్యోగి. కూడికలు, తీసివేతలు సరిపోతే తప్ప ఏ కాగితం మీదా సంతకం చేయని మనిషి. ఏడాదిన్నరపాటు హాస్టలు ఖర్చులు పంపి, ఒకనాడు నన్ను పిలిపించారు.

“ఏమోయ్ మేష్టారూ, నువ్వొకసారి వెళ్ళి చూచి రా. అది చదువైతే చదువని చెప్పు, ఆటైతే ఆటని చెప్పు. సంక్రాంతికి పిల్ల ఇంటికొస్తుంది. తిరిగి పంపాలో మానాలో నీ మాట మీద తేలుస్తాను,” అన్నారు.

అక్క ఏమీ అనలేదు. ఒక డబ్బాలో సున్నుండలు, ఒక జాడీలో గోంగూర పచ్చడి పెట్టి నా చేతికిచ్చింది. ఆ రెండూ దారిలో ఒలక్కుండా చూచుకోవడం తేలికే. బావగారు నా నెత్తిన పెట్టిన తీర్పు మాత్రం బరువుగానే తోచింది. “పద్యాలు చదివి ఏం తింటావురా?” అని నేను తెలుగు ఎం.ఏ. లో చేరిన రోజున మా వీధి అరుగుల మీద అందరూ అడిగినవారే.

సిమెంటు సంసారం

కళాభవన్ అంటే పెద్ద గేటు, పెద్ద మేడ ఊహించుకొంటే పొరపాటు. చెట్ల మధ్య విడివిడిగా కట్టడాలు. వాటి మధ్య ఆరుబయట శిల్పాలు. విద్యార్థులు సైకిళ్ళ మీద వాటిని చుట్టుకొంటూ తరగతులకు పోతుంటారు.

మా మేనకోడలు ముందుగా నన్ను ‘సంతాల్ కుటుంబం’ దగ్గరకు తీసుకుపోయింది. 1938 లో రామ్‌కింకర్ బైజ్ చేశాడు. భర్త భుజాన కావడి, కావడి తట్టలో ఒక బిడ్డ. పక్కన భార్య, ఆమె చేతిలో ఇంకో బిడ్డ. వెంట ఒక కుక్క. ఇల్లు కదిలిపోతున్నది. మనిషి ఎత్తుకు మించిన ఈ విగ్రహాలను కంచుతోనో, పాలరాతితోనో చేయలేదు. ఇనుప చట్రం కట్టి, అక్కడి ఎర్రగులకనే సిమెంటులో కలిపి, ముద్దలుగా దాని మీద వేసి నిలబెట్టాడు. కంచుకు డబ్బు కావాలి. గులకకు అక్కరలేదు. చేతిలో ఉన్నది ఎర్రనేల, ఎదుట కనిపించేది పని వెతుక్కుంటూ పోయే సంతాల్ జనం. ఆ రెండింటితోనే ఆయన పని సాగించాడు.

మా తెనాలి విగ్రహాలకు పేరుపడిన ఊరు. నాయకుల విగ్రహాలు చేసే శాలలు చూస్తూ పెరిగిన పిల్ల ఇది. “మామయ్యా, మన ఊళ్ళో విగ్రహం పూర్తి కాగానే సిమెంటు కనపడకుండా రంగు పూస్తారు. ఇక్కడ సిమెంటునే చూడమన్నారు. అది నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది,” అన్నది.

రామ్‌కింకర్ బాంకురాలో క్షురక వృత్తి చేసుకొనే పేద ఇంట పుట్టాడు. ‘ప్రవాసి’ పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ కుర్రవాని చేతి వాటం చూచి 1925 లో శాంతినికేతనం చేర్చాడు. ఆయన చేసిన మరో శిల్పం యూకలిప్టస్ చెట్ల మధ్య సన్నగా, చెట్టులాగే సాగి నిలబడి ఉంటుంది. ముందు అది వట్టి స్త్రీమూర్తి. గురువు నందలాల్ బోసు చూచి, తలపై ఒక పాయసపాత్ర పెట్టమన్నాడట. పాత్ర పెట్టగానే ఆమె బుద్ధునికి పాయసం తీసుకుపోయే సుజాత అయింది. కథ తెలిసిన గురువు, చేయి తిరిగిన శిష్యుడు కలిస్తే జరిగే పని ఇది. తక్కిన వారమంతా నేను చూచింది దీనికి వ్యాఖ్యానమే అనవచ్చు.

నల్ల ఇల్లు

ఆవరణలోనే ‘కాలో బాడీ’ అని ఒక ఇల్లున్నది. నల్ల ఇల్లని అర్థం. 1934 ప్రాంతంలో మొదలుపెట్టి, విద్యార్థులు ఉండడానికి కట్టుకొన్న మట్టిల్లు. వానకు కరగకుండా, చెద పట్టకుండా గోడలకు తారు పూశారు. అందుకే ఆ నలుపు. అంతటితో ఊరుకోలేదు. నందలాల్, రామ్‌కింకర్, విద్యార్థులు కలిసి గోడలనిండా మట్టితో ఉబ్బెత్తు బొమ్మలు దిద్దారు. ఒకచోట భారహుత్ స్తూపం బొమ్మలు, ఒకచోట మహాబలిపురం, ఒకచోట ఈజిప్టు, అసీరియా శిల్పాల పోలికలు.

ఆ రోజుల్లో రంగుల ఫొటోలతో కళాచరిత్ర పుస్తకాలు ఎంతమంది కొనగలరు? పిల్లలకు లోకంలోని శిల్పమంతా చూపాలంటే ఎలా? పడుకొనే ఇంటి గోడ మీద వాళ్ళ చేతనే చేయించాడు నందలాల్. ఒక బొమ్మను పుస్తకంలో చూడడం వేరు. మట్టి పిసికి దాని మోకాలు ఎక్కడ వంగిందో, నడుము ఎక్కడ తిరిగిందో వేళ్ళతో వెతకడం వేరు. అలా నేర్చిన చరిత్ర పరీక్ష ముగిసినా మరపుకు రాదు.

నందలాల్‌ను అక్కడ అందరూ ‘మాస్టర్‌మశాయ్’ అంటారు. 1922 నుంచి దాదాపు ముప్పై ఏళ్ళు కళాభవన్‌కు ఆయనే పెద్ద. మన రాజ్యాంగం అసలు ప్రతికి చిత్రాలంకారాలు సమకూర్చింది ఆయనా, ఆయన శిష్యులూనే.

తడి గోడ, చూపు తక్కువ చిత్రకారుడు

హిందీభవన్ అనే కట్టడంలో మూడు గోడల పైభాగాన ఒక కుడ్యచిత్రం ఉన్నది. మెడ నొప్పి పుట్టేదాకా చూచాను. 1946-47 లో వినోదబిహారి ముఖర్జీ వేసింది. రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్ సింగు, వారి చుట్టూ నేతగాళ్ళు, యాత్రికులు, పిల్లల తల్లులు. ఒక ఏరు పారినట్లు బొమ్మలు ఒకదానిలోనుంచి ఒకటి వస్తాయి.

ఈ పద్ధతి సంగతి మా మేనకోడలే చెప్పింది. గోడకు సున్నపు గచ్చు వేసి, అది తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగులతో బొమ్మ ముగించాలి. సున్నం ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్ళీ రాయి అవుతుంది. రంగు ఆ రాతిలో ఇమిడిపోతుంది. ఇక కడిగినా పోదు. అందుకని ఒక పూటలో ఎంత ముగించగలరో అంతే గచ్చు వేస్తారు. తప్పు వస్తే తుడవడానికి లేదు. చెక్కి పారేసి మళ్ళీ గచ్చు వేయవలసిందే.

ఇంత పని చేసిన వినోదబిహారికి పుట్టుకతోనే చూపు లోపం. ఒక కన్ను పనిచేయదు, రెండో కంటికి దగ్గరిది తప్ప కనపడదు. గోడకు ముక్కు ఆనించి వేసిన బొమ్మ కింద నిలబడిన మనకు పొందికగా కనిపిస్తున్నది. 1950 ల రెండవ భాగంలో కంటి ఆపరేషను తరువాత ఆ కాస్త చూపూ పోయింది. అయినా కళాభవన్‌కు తిరిగి వచ్చి కళాచరిత్ర పాఠాలు చెప్పాడు. కాగితాలు కత్తిరించి అంటించి బొమ్మలు కూర్చాడు. 1972 లో పెంకుల పలకలతో ఒక గోడ నిండా చిత్రం చేయించాడు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ అదే ఏడాది గురువు మీద ‘ది ఇన్నర్ ఐ’ అని చిన్న చిత్రం తీశాడు.

కళ్ళు లేని గురువు బొమ్మల పాఠం ఎలా చెబుతాడని అడిగాను. అక్కడి ఉపాధ్యాయులొకరు నవ్వి, “అంతకుముందు ఏళ్ళ తరబడి చూచింది ఆయన లోపలే ఉన్నది కదండీ,” అన్నారు.

అమరావతి పాఠం

అనుమతి అడిగి ఒక కళాచరిత్ర తరగతిలో వెనుక బల్ల మీద కూర్చున్నాను. దీపాలు ఆర్పి తెర మీద ఒక బొమ్మ వేశారు. నేను ఉలిక్కిపడ్డాను. అది మన అమరావతి శిల్పం! మద్రాసు మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు పలక.

కొంతసేపు గురువుగారు మాట్లాడలేదు. ముందు చూడమన్నారు, మాట తరువాతన్నారు. చూడగా చూడగా బొమ్మ విచ్చుకొన్నది. గుండ్రని పలకలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉన్నది. ఒక పక్క మదించి వీధిలో పడి ఒక మనిషిని తొండంతో పట్టుకొన్నది. మరో పక్క బుద్ధుని ముందు మోకరిల్లింది. మధ్యలో జనం హడలిపోయి ఒకరి మీద ఒకరు ఒరుగుతున్నారు. పైన మేడల గవాక్షాల్లోంచి వింత చూచేవారు చూస్తున్నారు. ఒక్క రాతిలో ముందూ, తరువాతా! సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి శిల్పి సినిమా వాళ్ళకంటే ముందే కథ నడిపించాడు.

ఆ తరువాత గురువుగారు ఏ రాజు కాలమని అడగలేదు. “భయం ఎక్కడుంది? శాంతి ఎక్కడుంది? ముఖాలు వదిలేసి, గీతలతో మాత్రమే చూపండి,” అన్నారు. పిల్లలు బొగ్గుపుల్లలు తీశారు. మా పిల్ల కాగితం మీద ఏనుగూ లేదు, బుద్ధుడూ లేడు. ఒకవైపు గాలికి వాలిన వరికంకుల్లా వంగిన గీతలు, మరోవైపు నిలువుగా, నింపాదిగా నాలుగు గీతలు. అంతే. పలకలోని సంగతంతా అందులో ఉన్నది.

పక్కనున్న బెంగాలీ అమ్మాయి, “ఇది మీ ఊరిదేనా?” అని అడిగింది. మా పిల్ల చిన్నప్పటినుంచి అమరేశ్వరుని గుడికి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం మద్రాసుకూ, లండను బ్రిటిష్ మ్యూజియానికీ తరలిపోయినాయి. మన ఊరి ఏనుగు మనకు పరిచయం కావడానికి బోల్పూరు దాకా రావలసి వచ్చింది!

నాకు నా ఎం.ఏ. రోజులు జ్ఞాపకం వచ్చాయి. ఛందస్సు చదివాం, అలంకారశాస్త్రం చదివాం, ప్రబంధయుగం మీద పేజీలకు పేజీలు వ్రాశాం. ఒక్క సీసపద్యం కట్టి తెమ్మని మాత్రం ఏ గురువూ అడగలేదు. పద్యం కట్టే అవధానులు ఒక దారి, పద్యం గురించి చెప్పే మేష్టర్లం ఒక దారి అయిపోయాం. కళాభవన్‌లో ఆ రెండు దారులూ ఒకే చెట్టు కింద కలుస్తాయి. పొద్దున మట్టి పిసికిన చేతులే మధ్యాహ్నం చరిత్ర వ్రాసుకొంటాయి. చరిత్ర తెలియని చేయి తిరిగిన చోటనే తిరుగుతుంది. చేయి లేని చరిత్ర తేదీల పట్టీ అవుతుంది. ఇది చదువా, ఆటా అన్న ప్రశ్నకు నాకు జవాబు అక్కడే దొరికింది.

లెక్కల మనిషికి జవాబు

కాని బావగారి ప్రశ్నలో రెండో సగం మిగిలి ఉన్నది. “చదివితే ఏమవుతుంది?”

గొప్పవాళ్ళ పేర్లు చెప్పడం సులువు. సత్యజిత్ రాయ్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రం చదివి, తల్లి కోరిక మీద 1940 లో ఇక్కడ చేరాడు. కె.జి. సుబ్రహ్మణ్యన్ మద్రాసు ప్రెసిడెన్సీలో అదే అర్థశాస్త్రం చదువుతూ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయి, ప్రభుత్వ కళాశాలల తలుపులు మూసుకొంటే 1944 లో ఇక్కడకు వచ్చాడు. తరువాత బరోడాలో ఒక తరాన్ని తయారుచేశాడు. మన మెదక్ జిల్లా నిజాంపూరు వాడైన లక్ష్మాగౌడ్ అక్కడ ఆయన దగ్గర నేర్చినవాడే. సుబ్రహ్మణ్యన్ ఎనభై అయిదేళ్ళ వయస్సులో, 2009 లో, కళాభవన్‌లో ఒక కట్టడం గోడలన్నీ నలుపు తెలుపు బొమ్మలతో మళ్ళీ నింపాడు. ఆ ఇల్లు ఇప్పుడు అందరూ ఆగి చూస్తారు. మన కొండపల్లి శేషగిరిరావుగారు నందలాల్ దగ్గర నేర్చి, హైదరాబాదు వచ్చి ఎందరికో గురువైనారు.

అయితే ప్రతి పిల్లా రాయ్ కాదు, సుబ్రహ్మణ్యనూ కాదు. ఆ మాట దాచడం న్యాయం కాదు. బడుల్లో, కళాశాలల్లో పాఠాలు చెప్పేవారు, బట్టల మీద డిజైన్లు వేసేవారు, పుస్తకాలకు బొమ్మలు వేసేవారు, మ్యూజియాల్లో పనిచేసేవారు, సినిమా సెట్లు వేసేవారు ఉంటారు. కొన్నేళ్ళు కష్టపడి వేరే దారి పట్టినవారూ ఉంటారు. నెల మొదటి తారీఖున జీతం తప్పదని ఈ చదువు మాట ఇవ్వదు.

ఒక సాయంత్రం ముద్రణశాలలో మా పిల్ల పని చూచాను. జింకు రేకుకు మైనం పూత పూసి, సూదితో గీతలు గీచి, ఆమ్లంలో ముంచుతారు. పూత లేచిన చోట ఆమ్లం రేకును తినేస్తుంది. ఆ గాళ్ళలో సిరా కూరి, తడి కాగితం వేసి, రోలరు కింద నొక్కుతారు. నొక్కి, కాగితం ఎత్తేదాకా ఏం వచ్చిందో తెలియదు. ఆమె నాలుగుసార్లు ఎత్తింది. నాలుగుసార్లూ పెదవి విరిచి పక్కన పెట్టింది. ఆమ్లంలో ఎంతసేపు ఉంచినదీ ప్రతిసారీ నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది. నిమిషాలు, గీతల లోతు, సిరా పలచన, అన్నీ వరుసగా. అచ్చం వాళ్ళ నాన్న చిట్టా!

“మామయ్యా,” అన్నది చేతులు తుడుచుకొంటూ, “నాకీ విద్య వస్తుందో రాదో నాకే తెలియదు. కాని ఇప్పుడు మానిపిస్తే, వచ్చేదో రానిదో ఎప్పటికీ తెలియదు. నాన్నకు ఇది చెప్పగలవా?”

ఆ నోటుపుస్తకం పేజీలు రెండు ఫొటో తీసి ఆ రాత్రే బావగారికి పంపి, ఫోను చేశాను. “ఇది చదువే బావగారూ. జీతం సంగతి నేను పూచీపడలేను. పిల్ల మాత్రం లెక్క తప్పకుండా పనిచేస్తున్నది. అది మీకే పోలింది,” అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. తరువాత, “మూడోసారి పదకొండు నిమిషాలుంచి, నాలుగోసారి తొమ్మిదికి ఎందుకు తగ్గించింది?” అని అడిగారు. ఫోను పిల్ల చేతికిచ్చి నేను బయటకు వచ్చేశాను. వాళ్ళు అరగంట మాట్లాడుకొన్నారు. సంక్రాంతి తరువాత ఆమెకు తిరుగు టిక్కెట్టు బావగారే తీశారు.

చూడబోయేవారికి

నందలాల్ పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు రెండు రోజులు, 1, 2 తేదీల్లో, కళాభవన్‌లో ‘నందన్ మేళా’ జరుగుతుంది. 1973 నుంచి వస్తున్న ఆనవాయితీ. విద్యార్థులు, ఉపాధ్యాయులు చేసిన బొమ్మలు, కుండలు, కార్డులు చెట్ల కింద పెట్టి అమ్ముతారు. వచ్చిన డబ్బు ఎవరి జేబులోకీ పోదు. కష్టంలో ఉన్న విద్యార్థుల సహాయానికి నిధిగా ఉంటుంది. పెద్ద పేరున్న చిత్రకారుని పనీ, మొన్న చేరిన కుర్రవాని పనీ పక్కపక్కనే దొరుకుతాయి. మన ఇంటి గోడకు ఒక అసలైన బొమ్మ కొనాలనుకొనే మధ్యతరగతివారికి ఇంతకన్న మంచి సంత లేదు.

శాంతినికేతనం 2023 లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అందువల్ల చూడవచ్చేవారు పెరిగారు. కట్టడాల్లోకి పోవడానికి నియమాలున్నాయి, ముందుగా కనుక్కొని వెళ్ళండి. ఆశ్రమం నాటి ఆచారం ప్రకారం అక్కడ వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. బుధవారం పొద్దున దిగి, తలుపులన్నీ మూసి ఉన్నాయే అని చింతించకండి. అద్దాల మందిరంలో ప్రార్థన విని, చెట్ల కింద తిరిగి, ఆరుబయట ఉన్న ‘సంతాల్ కుటుంబం’ దగ్గరకు నడవండి. పిల్లలను తప్పక వెంట తీసుకువెళ్ళండి. ఆ కావడి తట్టలోని బిడ్డను పెద్దలకంటే ముందు వాళ్ళే కనిపెడతారు.